చెవిలో మోతకు వేగస్ కసరత్తులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే సంగతి మీద ఉన్నాయి: చెవుల్లో ఆగకుండా వినిపించే మోత, దానికి మందంటూ ఫోన్లలో తిరుగుతున్న 'వేగస్ నాడి' కసరత్తులు. ఒకే ప్రశ్న అడిగిన ఉత్తరాలను కలిపేశాం. చెవి వైద్యులు, ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణుడు), ఫిజియోథెరపిస్టు కలిసి జవాబులు రాశారు.

రెండేళ్లుగా రెండు చెవుల్లో కీచురాళ్లు అరిచినట్టు సన్నని మోత. వయసుతో వచ్చిన వినికిడి లోపమని డాక్టరు గారు చెప్పారు. మా అల్లుడు ఒక వీడియో పంపాడు. వేగస్ నాడిని మేలుకొలిపితే వారంలో మోత పోతుందట. నమ్మొచ్చా?
*– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ*

వారంలో పోదు. అలాగని ఆ వీడియో అంతా గాలికబురని కొట్టిపారేయనూ లేం. అందులో పనికొచ్చే సంగతి కొంత ఉంది. దాన్ని వారం రోజుల మ్యాజిక్‌గా అమ్మడమే తప్పు.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే 12 జతల నాడుల్లో పదోది వేగస్. పుర్రె అడుగు నుంచి మెడలోకి దిగి, గొంతు, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం మీదుగా పెద్దపేగు దాకా వెళ్తుంది. దారిలో ఒక సన్నని కొమ్మ చెవికి వస్తుంది. చెవిలో పుల్ల పెట్టి తిప్పుకుంటుంటే కొందరికి ఉన్నట్టుండి దగ్గు రావడం చూసే ఉంటారు. అది ఆ కొమ్మ పనే. 'చెవికీ వేగస్‌కూ లంకె ఉంది' అని వీడియోలవాళ్లు చెప్పేది అంతవరకు నిజం.

కానీ మీ మోత ఆ కొమ్మలో పుట్టలేదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే వెంట్రుక కణాలు వయసుతోనో, పెద్ద శబ్దాలతోనో దెబ్బతింటాయి. కీచు శబ్దాలను పట్టే కణాలు ముందు పోతాయి. స్టేషన్ అందనప్పుడు రేడియో వాల్యూమ్ పెంచితే గరగర పెరిగినట్టు, రావాల్సిన సంకేతాలు రాకపోయేసరికి మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుకుంటుంది. ఆ పెంపే మోతగా వినిపిస్తుంది. చచ్చిన కణాలను ఏ ఊపిరి కసరత్తూ బతికించలేదు.

మరి కసరత్తు పనిచేసేది ఎక్కడ? మోతకు తోడయ్యే కంగారు మీద. 'ఇదేదో ప్రమాదం' అని మెదడు ఆ శబ్దానికి ముద్ర వేస్తే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, మనసంతా దాని మీదే ఉండటం మొదలవుతాయి. ధ్యాస పెట్టినకొద్దీ మోత ఇంకా పెద్దగా తోస్తుంది. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం ఈ చక్రాన్ని ఒకచోట తెంపుతుంది. మోత అంతే ఉన్నా బాధ తగ్గుతుంది. చాలామందికి దక్కే లాభం ఇదే, ఇది చిన్న లాభమేం కాదు.

వేగస్ పేరు టినిటస్ (చెవిలో మోత) వైద్యంలోకి రావడానికి మూలం 2011లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన. మెడలోని వేగస్‌కు కరెంటు తీగ చుట్టి, చిన్న చిన్న కరెంటు దెబ్బలతో పాటు సరిగ్గా అదే క్షణాన ఎంచుకున్న స్వరాలు వినిపించారు. ఎలుకల్లో మోత గుర్తులు తగ్గాయి. ఆ తర్వాత మనుషుల మీదా చిన్న ప్రయోగాలు జరిగాయి. 2017లో వెలువడిన దాంట్లో ఉన్నది 30 మంది. కొందరికి బాధ తగ్గింది, కానీ అంత కొద్దిమందితో ఏదీ తేల్చలేం. పైగా అదంతా ఆపరేషన్ చేసి అమర్చిన పరికరంతో, జతగా శబ్దంతో జరిగిన పని. వీడియోలో గొంతు పుక్కిలించి చూపించేవాళ్లు ఆ ఫలితాన్ని తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

మాస్టారూ, మీకు మా మొదటి సలహా వేరు. వినికిడి లోపం తేలింది కాబట్టి వినికిడి మిషన్ పెట్టి చూడండి. బయటి శబ్దాలు సరిగ్గా చెవిన పడుతుంటే మెదడు వాల్యూమ్ పెంచుకునే అవసరం తగ్గుతుంది. మోతకు మిషనే మందైన వాళ్లు చాలామంది. కింది కసరత్తులు దానికి తోడుగా చేయండి.

వేరే వాళ్లు ఏదేదో చెప్తున్నరు. ఎన్ని నిమిషాలు, ఎట్ల కూసోవాలె, ఏది ముందు, ఏది వెనుక, జర వివరంగ రాయండి.
*– గృహిణి, నర్సంపేట*

అమ్మా, మూడు చాలు: ఊపిరి, హమ్మింగ్, చెవి గుంట నిమరడం. ఇందులోనూ అసలు సరుకు మొదటిదే.

ఊపిరి. కుర్చీలోనో మంచం మీదనో వీపు ఆనించి కూర్చోండి. ఒక చెయ్యి బొడ్డు పైన పెట్టుకోండి. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు పీల్చండి, పొట్ట మీది చెయ్యి కొద్దిగా లేవాలి, భుజాలు లేవకూడదు. ఆపకుండా ముక్కుతోనే 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. ఒక్కో లెక్క ఒక సెకను. అంటే ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి 6 ఊపిర్లు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 తీస్తాం. మొదటి వారం పొద్దున 5 నిమిషాలు, రాత్రి పడుకోబోయే ముందు 5 నిమిషాలు. రెండో వారం నుంచి పదేసి నిమిషాలు. ఆయాసమనిపిస్తే 3 పీల్చి 4 వదలండి, వారం తర్వాత పెంచుకోవచ్చు.

ఊపిరి వదిలేటప్పుడు వేగస్ పట్టు బిగిసి గుండె కాస్త నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు పట్టు సడలి వేగం పుంజుకుంటుంది. వదలడం పొడుగ్గా ఉండాలనేది అందుకే. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకుంటూ చేయండి. వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం కొంచెం పెరగడం వేళ్లకు తెలుస్తుంది. వయసు మళ్లిన వాళ్లకు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు ఈ తేడా బాగా తక్కువ. తెలియలేదని కంగారుపడొద్దు.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే: 'నెమ్మదిగా' అంటే 'పెద్దగా' అనుకుంటారు. గుండెల నిండా గాలి లాగి గట్టిగా వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, మోత కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. 'కసరత్తు చేస్తే ఎక్కువైంది' అని మానేసేవాళ్లలో చాలామంది చేసేది ఈ పొరపాటే. గాలి కొంచెమే, నెమ్మదిగా. పక్కన కూర్చున్న వాళ్లకు మీ ఊపిరి చప్పుడు వినపడకూడదు.

రెండో పొరపాటు, తలుపులన్నీ మూసి నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయడం. యోగాకు అది బాగానే ఉంటుందేమో గానీ చెవి మోత ఉన్నవాళ్లకు పనికిరాదు. చుట్టూ చప్పుడు లేకపోతే వినడానికి ఆ మోత ఒక్కటే మిగులుతుంది. ఫ్యాన్ వేసుకోండి, లేదా రేడియో సన్నగా పెట్టుకోండి.

హమ్మింగ్. భ్రామరి పేరుతో మీకు తెలిసిందే, కానీ ఒక మార్పుతో చేయాలి: చెవులు మూసుకోవద్దు. యోగా తరగతిలో బొటనవేళ్లతో చెవులు మూయిస్తారు. చెవి మూస్తే బయటి శబ్దం తగ్గి, మోత ఒక్కసారిగా ముందుకొస్తుంది. పెదాలు కలిపి, పళ్లు మాత్రం కలవకుండా, నాలుక వదులుగా ఉంచి, తక్కువ స్థాయిలో 'మ్‌మ్' అని 6 నుంచి 8 సెకన్లు అనండి. పెదాల మీద, ముక్కు దూలం మీద సన్నని అదురు తెలియాలి. గొంతు నొక్కుకుపోతుంటే స్థాయి ఇంకా దించండి. 6 సార్లు చాలు. హమ్మింగ్ జరుగుతున్నంతసేపు మోత మరుగున పడటం, ఆపాక కొన్ని సెకన్లు తగ్గినట్టుండటం కొందరికి జరుగుతుంది. మోత పోయిందని పొంగిపోవద్దు, తిరిగొచ్చిందని కుంగిపోవద్దు.

చెవి గుంట. చెవి రంధ్రానికి బయట, వెనక వైపు ఉన్న గుంటలో చూపుడు వేలి కొన ఆనించి, చర్మం కదిలేంత మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒక్కో చెవికి ఒక నిమిషం. రంధ్రానికి ముందున్న చిన్న మెత్తటి బుడిపెను కూడా వేలితో నిమరొచ్చు. గోళ్లు తీసుకుని ఉండాలి. వేలు రంధ్రంలోకి పోకూడదు, నూనె చుక్క లోపల పడకూడదు. చెవి కారుతున్నవాళ్లు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. చేత్తో నిమిరితే మోత తగ్గుతుందని తేల్చిన గట్టి పరీక్షలేమీ లేవు. హాయిగా ఉంటే చేయండి, లేకపోతే మొదటి రెండింటితో సరిపెట్టుకోండి.

పుక్కిలించడం, నాలుక చివర్లు గోకడం, కళ్లు పక్కలకు తిప్పడం లాంటివి వదిలేయండి.

మాది పవర్‌లూమ్ షెడ్డు పని. షిఫ్టు దిగినంక రెండు మూడు గంటలు చెవుల్ల గుయ్యిమంటది, పొద్దుగాలకు తగ్గుతది. పనిలోనే ఈ ఊపిరి కసరత్తు చేస్తే చెవులు ఖరాబు కాకుండ ఉంటయా?
*– సిరిసిల్ల*

ఉండవు. శబ్దం చేసే నష్టాన్ని ఊపిరి ఆపదు. పొద్దుటికి తగ్గుతోంది కాబట్టి ఏం కాలేదనుకోకండి. ఇలా రోజూ జరిగితే ఒకనాటికి తగ్గడం మానేస్తుంది.

చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటిందని లెక్క. 85 దగ్గర 8 గంటలు చెవి తట్టుకుంటుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. సాంచాల (మరమగ్గాల) మధ్య 12 గంటలు నిలబడితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

దూది పెట్టుకుంటే లాభం దాదాపు లేదు. మెడికల్ షాపులో, పారిశ్రామిక సామాన్ల దుకాణంలో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొనండి. సరిగ్గా పెట్టకపోతే అవీ దూదితో సమానమే. శుభ్రమైన చేతులతో ప్లగ్‌ను సన్నగా, మడతలు పడకుండా నలపండి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, వంకర దారి నిటారవుతుంది. ప్లగ్ లోపలికి పెట్టి, ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో ఆపి పట్టుకోండి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఎదుటివాళ్లకు ప్లగ్ సగం బయటికి కనబడుతోందంటే లోపలికి పోలేదని అర్థం. మట్టి పట్టినవి, గట్టిపడ్డవి మార్చేయండి.

ఏడాదికోసారి ఆడియోగ్రామ్ (వినికిడిని గీతగా చూపే పరీక్ష) తీయించండి. శబ్దం దెబ్బ ముందుగా ఆ గీతలో 4000 హెర్ట్జ్ అనే కీచు స్వరం దగ్గర గుంతలా కనబడుతుంది. మాటలు వినపడటం తగ్గకముందే అది దొరుకుతుంది. పెళ్లి బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో డీజే డబ్బాల పక్కన నడిచేవాళ్లకూ ఇదే లెక్క.

నేను బీడీలు చేస్తాను. పొద్దంతా తల వంచుకునే ఉంటాను. మెడ నొస్తది. ఎడమ చెవిల మోత ఉంది, దవడ గట్టిగ బిగిస్తే, మెడ తిప్పితే అది పెరుగుతది, ఒక్కోసారి తగ్గుతది. ఇది వేగస్‌దేనా?
*– జగిత్యాల జిల్లా*

మీరు రాసిన ఆ ఒక్క ముక్క చాలా విలువైంది. దవడ, మెడ కదిలిస్తే మోత మారుతోందంటే అందులో కండరాల వాటా ఉందన్నమాట. మెడ నుంచి, దవడ నుంచి వచ్చే నరాల సంకేతాలు మెదడు కాండంలో వినికిడి సంకేతాల చోటికే వచ్చి కలుస్తాయి. ఇందులో వేగస్ పాత్ర తక్కువ, మీకు ఫిజియోథెరపీ ఎక్కువ పనికొస్తుంది.

అరగంటకోసారి చాట పక్కన పెట్టి లేవండి. గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి జరపండి, 5 సెకన్లు ఆపి వదలండి, 10 సార్లు. తర్వాత కుడి చెవిని కుడి భుజం వైపు వంచి ఎడమ మెడ పక్క సాగేలా 20 సెకన్లు ఉంచండి, అలాగే రెండో వైపు. చేత్తో తలను లాగొద్దు, మెడ విరుచుకోవద్దు. దవడకు: నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి, పెదాలు మూసి, పళ్ల మధ్య సందు ఉంచండి. పని చేస్తూనే ఈ భంగిమలో ఉండొచ్చు. చాట ఎత్తు పెంచి, ఒళ్లో కాకుండా చిన్న పీట మీద పెట్టుకుంటే తల వంపు తగ్గుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే పళ్ల డాక్టరుకు చూపించండి.

మోత ఒక్క చెవిలోనే ఉంది కాబట్టి వినికిడి పరీక్ష మాత్రం తప్పదు. రెండు చెవుల మధ్య తేడా కనబడితే స్కానింగ్ అడుగుతారు, వద్దనకండి.

సింగరేణిలో చేసి రిటైర్ అయ్యాను. గుండెకు స్టెంట్ ఉంది, మెటోప్రొలాల్ వాడుతున్నాను. ఐసు నీళ్లలో ముఖం ముంచితే, మెడ పక్కన మాలిష్ చేస్తే వేగస్ వెంటనే పనిచేస్తుందని చూశాను. చేయొచ్చా?
*– గోదావరిఖని*

రెండూ వద్దు. చల్లటి నీళ్లు ముఖానికి తగిలితే వేగస్ ద్వారా గుండె వేగం పడిపోతుందన్నది నిజమే. మీ మాత్ర చేసే పనీ అదే. రెండూ కలిస్తే నాడి మరీ నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోవచ్చు. మెడ పక్కన దవడ కింద కొట్టుకునే చోట కెరోటిడ్ రక్తనాళం ఉంటుంది. స్టెంట్ పడ్డ వయసులో అక్కడ కొవ్వు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ. నొక్కితే ముక్క ఊడి మెదడుకు వెళ్లి పక్షవాతం రావచ్చు. ముక్కు మూసి బలంగా ఊదడం కూడా ఈ వీడియోల్లో ఉంటోంది, అది చెవికీ గుండెకూ మంచిది కాదు.

మేం పైన చెప్పిన 4–6 ఊపిరి మాత్రం మీరు చేయండి, గాలి బిగబట్టకుండా. ఇంకోటి: మీ మందుల చీటీ చెవి డాక్టరుకు చూపండి. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, ఫ్యూరోసెమైడ్, క్వినైన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కొందరిలో మోత తెస్తాయి. గుండెకు ఇచ్చే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో ఆ భయం సాధారణంగా లేదు. దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు.

ఎండకాలం అంతా బాగానే ఉంటుంది. చలి మొదలై ఫ్యాన్ బంద్ చేయగానే రాత్రి మోతతో నిద్ర పట్టడం లేదు. కసరత్తు మొదలుపెట్టి పది రోజులైంది, ఏమీ తగ్గలేదు. మానేయాలా?
*– డిగ్రీ విద్యార్థిని, భూపాలపల్లి*

మోత కొత్తగా పెరగలేదు. కూలరు, ఫ్యాన్ల చప్పుడు దాన్ని ఇన్నాళ్లూ కప్పి ఉంచింది. చలికాలంలోనూ ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పి వేసుకోండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడో, తంబురా శ్రుతో పెట్టుకోండి. చప్పుడు మోతను పూర్తిగా ముంచేయకూడదు. మోత సన్నగా వినబడుతూనే ఉండాలి, దాని పక్కన ఇంకో శబ్దం ఉండాలి. అప్పుడే మెదడు దానికి అలవాటుపడుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకోవద్దు.

పది రోజులకు తీర్పు చెప్పొద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. రోజూ 'తగ్గిందా' అని చెవి రిక్కించి వినడం మానండి, ఆ వినడమే మోతను పెంచుతుంది. నోటుబుక్కులో ఆదివారం ఒక్కరోజే మూడు అంకెలు రాయండి: మోత ఎంత, దానివల్ల చిరాకు ఎంత (రెండూ 0 నుంచి 10), నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు. ముందుగా దిగేది రెండోది, మూడోది. మొదటి అంకె కదలకపోయినా మీరు దారిలోనే ఉన్నట్టు.

ఎనిమిది వారాలకూ చిరాకు అంకె కదలకపోతే సీబీటీ అనే మాటల చికిత్స చేసే సైకాలజిస్టును కలవండి. మోత వల్ల కలిగే బాధకు ఇప్పటిదాకా గట్టి ఆధారాలున్న చికిత్సల్లో అది ముందుంటుంది. జింక్, జింకో మాత్రలకు డబ్బు తగలేయకండి, అవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. మోత వల్ల బతకాలనే లేదనిపించే రాత్రులుంటే ఆలస్యం చేయకుండా 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.

ఆన్‌లైన్‌లో చెవికి తగిలించే వేగస్ క్లిప్పు దొరుకుతోంది. కొనమంటారా?
*– కరీంనగర్*

ఇప్పుడే వద్దు. చెవి కొమ్మకు కరెంటిచ్చే పద్ధతి మీద పరిశోధనలు నడుస్తున్నాయి, కానీ టినిటస్‌కు స్థిరపడిన చికిత్స కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా అసలు ముట్టుకోకూడదు. ఆ డబ్బు వినికిడి పరీక్షకు పెట్టండి.

మా అమ్మకు కుడి చెవిలో గుండె కొట్టుకున్నట్టు 'దబ్ దబ్' అని వినిపిస్తోందట. ఊపిరి కసరత్తు చేయించమంటారా?
*– మహబూబాబాద్*

ముందు డాక్టరు, తర్వాతే కసరత్తు. నాడితో పాటే కొట్టుకునే మోత మామూలు టినిటస్ కాదు. రక్తహీనత, థైరాయిడ్, బీపీ, చెవి దగ్గరి రక్తనాళాల తేడా, అరుదుగా గడ్డ, ఇలా వెతికితే కారణం దొరికే అవకాశం ఉన్న రకమిది. ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో చూపించండి. పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వినికిడి పరీక్ష, మిషన్ల కోసమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి వెళ్లొచ్చు.

అలాగే ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అది గులిమి అనుకుని వేడి నూనె పోస్తూ కూర్చోకండి. లోపలి నాడికి దెబ్బ తగిలి ఉంటే స్టెరాయిడ్ మందు మొదటి కొన్ని రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, రెండు వారాలు దాటితే ఆశ తగ్గిపోతుంది. మోతతో పాటు తల తిరిగినా, మూతి వంకరపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.